ముద్ద దిగే దారిని కొలవడం

తెలుగులో మింగడానికి సంబంధించిన మాటలు దేహాన్ని దాటి చాలా దూరం వెళ్లాయి. ఇష్టంలేని వార్త మింగుడు పడదు, కోపాన్ని దిగమింగుతారు, దుఃఖంలో ఉన్నవారికి ముద్ద దిగదు, ఇరుకున పడ్డవారిది కక్కలేక మింగలేని స్థితి అవుతుంది. ఒక శారీరక క్రియ ఇలా మనసు స్థితులకు పేరుగా స్థిరపడిన భాషలో, గొంతు క్యాన్సర్‌కు చికిత్స పొందిన వ్యక్తి ముద్ద దిగడం లేదని చెప్పినప్పుడు, వినేవారు దాన్ని బెంగగానో ఆకలి మందగించడంగానో అర్థం చేసుకుని నాలుగు ధైర్యవచనాలు చెప్పి ఊరుకునే ప్రమాదం ఉంది. పొలమారడం అనే మాటది మరీ విచిత్రమైన స్థితి. నీటిచుక్కో మెతుకో దారితప్పి శ్వాసనాళం వైపు వెళ్లబోవడాన్ని ఒక్క క్రియలో, అంత కచ్చితంగా చెప్పగల మాట ఉండి కూడా, ఎవరో తలుచుకుంటున్నారన్న నమ్మకం దానికి తోడవడం వల్ల, మాడు మీద తట్టి నవ్వుకోవడంతో ఆ సంఘటన ముగిసిపోతుంది. ఆరోగ్యవంతుల విషయంలో ఆ నవ్వు వల్ల నష్టమేమీ లేదు. నోటికో గొంతుకో అన్నవాహికకో క్యాన్సర్ వచ్చినవారి విషయంలో మాత్రం రోజుకు ఎన్నిసార్లు పొలమారింది, దేనితో పొలమారింది అన్నవి వైద్యుడి గదికి చేరవలసిన సాక్ష్యాలు.

మింగడంలో ఇబ్బందిని వైద్యశాస్త్రం డిస్ఫేజియా అంటుంది. దాన్ని కొలవడమంటే ముద్ద ఎంత మెత్తగా ఉంటే దిగుతుందో తెలుసుకోవడమేనన్న అభిప్రాయం రోగుల్లోనే కాక వైద్యుల్లోనూ చాలాకాలం ఉండేది. మెత్తదనం ఆ కొలతలో ఒక భాగం మాత్రమేనని, ఆ ముద్దను మనిషి ఎక్కడ కూర్చుని, ఎవరి సరసన, ఎంతసేపు తింటున్నాడన్నది అంతకంటే పెద్ద భాగమని, దాన్ని సరిగా నమోదు చేయగలిగేది ఆసుపత్రి కంటే ఇల్లేనని గ్రహించినప్పుడే రోగికి, కుటుంబానికి ఈ కొలత పనికివస్తుంది.

దారి, దాని కూడలి

నోటి నుంచి కడుపు దాకా ముద్ద చేసే ప్రయాణంలో నమలడం, ముద్ద కట్టడం వరకు మనిషి ఇష్టం మీద నడుస్తాయి. నాలుక ఆ ముద్దను వెనక్కి నెట్టిన తరువాత గొంతులో జరిగేదంతా మెదడు కాండం ఆధీనంలో, ఇంచుమించు 1 సెకను కాలంలో, మనిషి ప్రమేయం లేకుండా జరిగిపోతుంది. ఆ ఒక్క సెకనులో అంగిలి వెనుక మెత్తటి భాగం పైకి లేచి ముక్కు దారిని మూసివేస్తుంది, స్వరపేటిక పైకీ ముందుకీ కదులుతుంది, స్వరతంత్రులు దగ్గరపడి ఊపిరి దారిని మూస్తాయి, శ్వాస క్షణకాలం ఆగుతుంది, అన్నవాహిక పైద్వారం తెరుచుకుంటుంది. గాలి, అన్నం ఒకే కూడలి గుండా పోవలసి రావడం వల్ల ఈ అమరికలో ఏ ఒక్కటి ఆలస్యమైనా ముద్ద పక్కదారి పడుతుంది. ఆహారం స్వరతంత్రులను దాటి కిందికి జారడాన్ని ఆస్పిరేషన్ అంటారు. ఆరోగ్యవంతుడికి వెంటనే దగ్గు వస్తుంది. రేడియేషన్ వల్ల గొంతులో స్పర్శ మొద్దుబారినవారికి దగ్గు కూడా రాకపోవచ్చు, దాన్నే నిశ్శబ్ద ఆస్పిరేషన్ అంటారు. దగ్గడం లేదు కాబట్టి బాగానే తింటున్నారని ఇంట్లోవారు అనుకునేది సరిగ్గా ఈ దశలోనే.

తెలుగు ప్రాంతాల్లో నోటి క్యాన్సర్‌కు పాత చరిత్రే ఉంది. చుట్ట నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా మహిళల్లో, తరతరాలుగా ఉండేది. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫాలీ మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, ఈ అలవాటు వల్ల అంగిలిలో కలిగే మార్పులను 1971లో ప్రచురించారు. నగరాల్లో ఆ స్థానాన్ని గుట్కా, వక్కపొడి, ఖైనీ ఆక్రమించాయి. వక్క నమిలేవారిలో నోటి లోపలి పొర నారకట్టి బిగుసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ వల్ల క్యాన్సర్ రాకముందే నోరు సరిగా తెరుచుకోదు. పై, కింది ముందుపళ్ల మధ్య ఎడం 35 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే దాన్ని ట్రిస్మస్‌గా, అంటే దవడ బిగుసుకుపోవడంగా లెక్కిస్తారు. రోగి తన చేతి మూడు వేళ్లను నిలువుగా పేర్చి నోట్లో పెట్టుకోగలడా లేదా అని చూడటం దీనికి ఇంట్లో చేసుకోగల సులభమైన పరీక్ష.

చికిత్స కూడా తన వంతు కష్టాన్ని కలుపుతుంది. తల, మెడ క్యాన్సర్లకు జనం కరెంటు పెట్టడం అని పిలిచే రేడియేషన్‌ను సాధారణంగా 6 నుంచి 7 వారాల పాటు, 33 నుంచి 35 విడతలుగా ఇస్తారు. రెండో వారం ముగిసేసరికి నోటిపూత మొదలవుతుంది, లాలాజలం తగ్గి నాలుక పిడచకట్టుకుపోతుంది, రుచి పోతుంది. పూత మానిన తరువాత అంతా సర్దుకున్నట్టు కనిపించినా, కండరాలు నెలలు, ఏళ్ల మీద నారకట్టి గట్టిపడటం వల్ల, బాగానే తింటున్నవారికి అయిదారేళ్ల తరువాత కూడా మింగడం మళ్లీ కష్టం కావచ్చు. స్వరపేటికను పూర్తిగా తొలగించినవారి సంగతి వేరు: వారిలో గాలిదారి మెడ దగ్గర విడిగా తెరుచుకుంటుంది కనుక సాధారణంగా పొలమారే భయం ఉండదు గాని, ముద్ద కిందికి నెట్టే బలం తగ్గి, గొంతులో ఏదో నిలిచిపోయిన బాధ మిగులుతుంది. అన్నవాహిక క్యాన్సర్‌లో క్రమం మరోలా ఉంటుంది. మొదట రొట్టె, మాంసం ఆగుతాయి, తరువాత అన్నం, ఆ తరువాత జావ, చివరకు నీళ్లు. నోరు, గొంతు దెబ్బతిన్నవారికి తరచు నీళ్లే ముందు కష్టమవుతాయి. ఏది ముందు ఆగింది అన్న ఒక్క ప్రశ్నతోనే అడ్డంకి గొంతులో ఉందో కిందనున్న అన్నవాహికలో ఉందో అనుభవజ్ఞుడైన వైద్యుడు ఊహించగలగడం అందువల్లే.

జూబ్లీహిల్స్ చుట్టుపక్కల

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, ఫిలింనగర్ కొండల మీద స్టూడియోలు, డబ్బింగ్ థియేటర్లు, చలనచిత్ర వాణిజ్య మండలి కార్యాలయం ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో, క్యాన్సర్ చికిత్స కేంద్రాలూ వాటికి అంత చేరువలో ఉన్నాయి. జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి 1988లో మొదలైంది. ఆ పక్కనే బంజారాహిల్స్‌లో ఉన్న బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రికి సినిమా రంగంతో పేరులోనే బంధుత్వం ఉంది. 1985లో క్యాన్సర్‌తో మరణించిన తన భార్య బసవతారకం పేరిట నందమూరి తారక రామారావు సంకల్పించిన ఆ ఆసుపత్రిని 2000 జూన్ 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ ఇరుకు గదుల్లో ఉండే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, సెట్ కూలీలలో చాలామందికి 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఆధారం.

ఈ ప్రాంతాన్ని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఆసుపత్రుల సమీపం ఒక్కటే కాదు. గొంతు మీద బతికేవారు ఇంత దట్టంగా నివసించే చోటు తెలుగునాట మరొకటి లేదు. పదిమందితో కలిసి తినడం ఉద్యోగంలో ఒక భాగంగా ఉండే వృత్తులూ తక్కువే. డబ్బింగ్ కళాకారుడి స్వరతంత్రులు మాటకు పలికేవే, ముద్ద దిగేటప్పుడు తలుపులు మూసేవీ అవే. మైకు ముందు నిలబడినప్పుడు నోరు ఎండిపోవడం ఇతరులకు చిన్న అసౌకర్యం, ఆ కళాకారుడికి జీవనోపాధి ప్రశ్న. క్యాన్సర్ రోగుల జీవన నాణ్యతను కొలవడానికి ప్రపంచమంతటా వాడే యూరోపియన్ ప్రశ్నావళి, 30 ప్రశ్నలున్న క్యూఎల్‌క్యూ సి30, మనిషి పనితీరును శారీరకం, పాత్ర, భావోద్వేగం, గ్రహణశక్తి, సాంఘికం అనే అయిదు భాగాలుగా చూస్తుంది. వీటిలో పాత్ర అంటే పనిలో, ఇంటిలో, వ్యాపకాల్లో మనిషి తన వంతు నిర్వహించగలగడం అని శాస్త్రార్థం. ఫిలింనగర్‌లో ఆ మాటకు వివరణే అక్కర్లేదు. అక్కినేని నాగేశ్వరరావు తనకు క్యాన్సర్ ఉందని 2013 అక్టోబరులో పత్రికలవారిని పిలిచి తానే చెప్పి, అనారోగ్యంలోనే 'మనం' చిత్రంలో తన పాత్రకు తానే డబ్బింగ్ చెప్పి, 2014 జనవరి 22న మరణించారు. ఆయన క్యాన్సర్ మింగడానికి సంబంధించినది కాదు. అయినా శరీరం ఓడుతున్నా పాత్ర నిలబడటమంటే ఏమిటో, ఆ రెండూ వేర్వేరు గడుల్లో ఎందుకు నమోదు కావాలో ఆ చివరి నెలలు ఏ పట్టిక కంటే స్పష్టంగా చూపుతాయి.

గదిలో జరిగే పరీక్ష

మింగడాన్ని పరీక్షించే నిపుణుడిని మన ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపిస్టు అంటారు. ఈ పేరు వల్ల జరిగే నష్టం తక్కువేమీ కాదు: మాట బాగానే వస్తున్నవారు తమకు ఆ గదితో పని లేదనుకుంటారు, పంపిన వైద్యుడి చీటీని మడిచి జేబులో పెట్టుకుంటారు. మాటకు, మింగడానికి పనిముట్లు ఒకటే కనుక ఆ రెండింటికీ శిక్షణ ఒకటే. సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్ల ఈ నిపుణులు తయారవుతారు.

మొదటి పరీక్ష మంచం దగ్గరే జరుగుతుంది. నాలుక కదలిక, పెదవుల బిగువు, దగ్గు బలం చూసి, కొలిచిన నీళ్లను తాగించి, మధ్యలో ఆగారా, దగ్గారా, తాగిన తరువాత గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు తడితడిగా మారిందా అన్నవి గమనిస్తారు. నిశ్శబ్ద ఆస్పిరేషన్ ఇక్కడ దొరకకపోవచ్చు కాబట్టి అనుమానం ఉన్నప్పుడు రెండు పరికర పరీక్షల్లో ఒకటి అవసరమవుతుంది. వీడియోఫ్లోరోస్కోపీ అనే మొదటి పరీక్షలో రోగి బేరియం కలిపిన ద్రవాన్ని, ముద్దను మింగుతుండగా ఎక్స్‌రే యంత్రం దాన్ని కదిలే బొమ్మగా చిత్రిస్తుంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు చాలుతాయి. ఈ పరీక్షకు 30 కావాలని నిపుణులు కోరతారు, ఎందుకంటే ముద్ద పక్కదారి పట్టే క్షణం ఒకటి రెండు ఫ్రేముల్లోనే దాగి ఉండవచ్చు, ఎడిటర్ కూర్చున్నంత ఓపికగా ఒక్కొక్క ఫ్రేమునే ముందుకు వెనక్కు నడిపి చూడవలసి ఉంటుంది. రెండోది ఫీస్ అనే ఎండోస్కోపీ పరీక్ష. సూసన్ లాంగ్‌మోర్, ఆమె సహచరులు 1988లో వెల్లడించిన ఈ పద్ధతిలో సన్నని గొట్టాన్ని ముక్కు గుండా గొంతు పైభాగం వరకు పంపి, రోగి తింటుండగా లోపల జరిగేదాన్ని తెర మీద చూస్తారు. సరిగ్గా మింగే క్షణంలో కండరాలు గొట్టాన్ని చుట్టుకోవడం వల్ల తెర తెల్లబడిపోతుంది, ముందూ వెనుకా మాత్రమే కనిపిస్తుంది. ఈ లోపానికి బదులుగా ఇందులో ఎక్స్‌రే తాకిడి లేదు, బేరియం అవసరం లేదు, ఇంటి నుంచి క్యారియర్‌లో తెచ్చిన పెరుగన్నమే తినిపించి చూడవచ్చు. ఆసుపత్రి బిస్కెట్‌తో చేసిన పరీక్షలో నెగ్గి ఇంటి అన్నంతో పొలమారే రోగులు ఉంటారు కనుక, పరీక్షకు వెళ్లేటప్పుడు రోగికి కష్టమనిపించే వంటకాన్నే చిన్న డబ్బాలో వెంట తీసుకువెళ్లి, దానితోనే చూడమని అడగడం ఉత్తమం.

ఈ పరీక్షల ఫలితాన్ని చెప్పడానికి రోజెన్‌బెక్, సహచరులు 1996లో ప్రచురించిన 8 మెట్ల కొలబద్దను వాడతారు. గాలిదారిలోకి ఏమీ రాకపోతే 1. స్వరతంత్రులను దాటి కిందికి దిగినా దాన్ని బయటికి పంపే ప్రయత్నమే శరీరం చేయకపోతే 8. రోగులు తమ ఫైలులో ఈ అంకెను వెతికి, దాని పక్కన ఏ పదార్థంతో ఆ అంకె వచ్చిందో కూడా చూసుకోవాలి. పలుచని నీళ్లతో 8 వచ్చినవారికి చిక్కని జావతో 1 రావచ్చు, ఆ తేడాలోనే వారి భోజనం ఉంది. ఇక్కడ ఒక ఊరట కూడా చెప్పుకోవాలి: కొద్దిగా పక్కదారి పట్టిన ప్రతివారికీ న్యుమోనియా రాదు. పుచ్చిపళ్లు, శుభ్రం లేని నోరు, స్వయంగా తినలేక ఇతరుల చేతి మీద ఆధారపడటం ఆ ముప్పును బాగా పెంచుతాయి, కనుక భోజనానికి ముందూ తరువాతా నోరు శుభ్రం చేసుకోవడం పథ్యం కంటే తక్కువ విషయమేమీ కాదు.

పంక్తిలో చోటు

పరికరం చూడలేనిదాన్ని ప్రశ్నావళి అడుగుతుంది. 2008లో బెలాఫ్‌స్కీ బృందం వెలువరించిన ఈట్-10లో 10 ప్రశ్నలుంటాయి, ఒక్కొక్కదానికి 0 నుంచి 4 మార్కులు. మొత్తం 3 లేదా అంతకు మించితే మింగడంలో ఇబ్బంది ఉన్నట్టు అనుమానించాలి. తల, మెడ క్యాన్సర్ రోగుల కోసమే అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో రూపొంది 2001లో వెలువడిన ఎండీఏడీఐ ప్రశ్నావళిలో 20 వాక్యాలు ఉంటాయి. వాటిలో ఒకటి మొత్తం జీవితం మీద ప్రభావాన్ని అడిగితే, మిగిలినవి భావోద్వేగాలను, దైనందిన వ్యవహారాలను, శారీరక కష్టాన్ని అడుగుతాయి. ఫలితం 20 నుంచి 100 మధ్య ఉంటుంది, ఎక్కువ వస్తే మేలు. రెండు సందర్శనల మధ్య ఈ అంకెలో 10 తేడా కనబడితే దాన్ని రోగి జీవితంలో నిజమైన మార్పుగా పరిగణించడం పరిపాటి.

అయితే తెలుగు జీవితానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చే కొలబద్ద అంతగా ప్రచారం లేని మరొకటి. మార్సీ లిస్ట్, సహచరులు 1990లో ప్రచురించిన తల, మెడ రోగుల పనితీరు కొలబద్దలో మూడే అంశాలున్నాయి: ఆహారం ఎంత మామూలుగా ఉంది, మాట ఎంత అర్థమవుతోంది, నలుగురిలో తినడం ఎంతవరకు సాగుతోంది. మూడో అంశంలో, ఎక్కడైనా ఎవరితోనైనా ఏదైనా తినగలిగేవారికి 100. ఎక్కడికైనా వెళ్లినా నలుగురి ముందు తేలికైనవి మాత్రమే ఎంచుకుని తినేవారికి 75. కొన్ని చోట్ల, కొందరి సమక్షంలోనే తినేవారికి 50. ఇంట్లో, అదీ దగ్గరివారి ముందే తినేవారికి 25. ఎప్పుడూ ఒంటరిగా తినేవారికి 0. శరీరంలో ఏ కండరం ఎంత బిగిసిందో ఈ అంకె చెప్పదు. పెళ్లి పంక్తిలో మనిషికి చోటు మిగిలిందో లేదో చెబుతుంది.

షూటింగ్‌లో మధ్యాహ్న భోజనం దీనికి మంచి నిదర్శనం. ప్రొడక్షన్ భోజనానికి ఉండే గంట విరామంలో వరుసలో నిలబడటం, వడ్డించుకోవడం, చోటు వెతుక్కోవడం పోగా తినడానికి మిగిలేది పావుగంటో ఇరవై నిమిషాలో. చికిత్స తరువాత ఒక్కొక్క ముద్దకు రెండు మూడు సార్లు గుటక వేసి, మధ్యలో నీళ్లు చప్పరించి తినవలసిన లైట్‌మన్‌కు ఆ సమయం చాలదు; తోటివారు లేచిపోతుంటే తాను సగం విస్తరి ముందు కూర్చోలేక, ఆకలి లేదని చెప్పి జనరేటర్ వ్యాను వెనక్కి వెళ్లి డబ్బాలోని జావ తాగుతాడు. అతడు రోజంతా పనిచేస్తున్నాడు, బరువు కూడా పెద్దగా తగ్గలేదు, వైద్యుడి కాగితంలో మెత్తటి ఆహారం తీసుకుంటున్నాడని మాత్రమే ఉంటుంది. నలుగురిలో తినడం అనే గడిలో మాత్రం అతడు 100 నుంచి 25కు పడిపోయాడు. దీనికి విరుద్ధంగా, క్యారవాన్‌లో తలుపు వేసుకుని ఇంటి క్యారియర్ తినే పెద్ద నటుడికి జబ్బు లేనప్పుడే ఆ గడిలో తక్కువ అంకె వచ్చేది. ఒకే కొలబద్ద ఇద్దరికీ ఒకే అర్థాన్ని ఇవ్వదు. జబ్బుకు ముందు ఎవరితో తినేవారన్న ప్రశ్న అడగకుండా ఇప్పటి అంకెను మాత్రమే రాసుకోవడం అరకొర పరిశీలన. మగవారు తిన్న తరువాత వంటింట్లో ఒంటరిగా తినే అలవాటున్న గృహిణి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం, ఆమె ఒంటరి భోజనం జబ్బు లక్షణమూ కాకపోవచ్చు, ఆమె దాన్ని ఫిర్యాదుగా చెప్పకపోనూవచ్చు.

భాష విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. ప్రశ్నావళిని మక్కికి మక్కి అనువదిస్తే మింగుడు సామర్థ్యం క్షీణించిందా వంటి వాక్యాలు పుడతాయి, వాటికి రోగి మొహమాటంగా తల ఊపుతాడే గాని జవాబు చెప్పడు. పొలమారుతోందా, ముద్ద గొంతులో నిలుస్తోందా, నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయా, చారు లేకుండా అన్నం దిగుతోందా, పక్కవాళ్లు లేచాక ఎంతసేపటికి లేస్తున్నారు అని అడిగితే కొలత వెంటనే మొదలవుతుంది. అయిదు స్థాయిల జవాబులు, అంటే పూర్తిగా ఒప్పుకుంటాను మొదలు అసలు ఒప్పుకోను వరకు ఉండే మెట్లు, చదువు తక్కువున్నవారిని తికమక పెడతాయి; వారంలో ఎన్ని రోజులు అని అడగడం మన రోగులకు సులువు.

ఇంటి పుస్తకం

ఆసుపత్రిలో రోగిని చూసే సమయం అరగంట. ఇంట్లో రోజుకు మూడు పూటలు. చికిత్స మొదలయ్యే ముందే ఒక నోటు పుస్తకం తెరిచి, వారం రోజుల పాటు ప్రతి పూటా ఏం తిన్నారు, ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్నిసార్లు పొలమారింది, ఎవరితో తిన్నారు అన్న నాలుగు విషయాలు రాసి, వారానికి ఒకసారి అదే తూకం యంత్రం మీద బరువు చూసి, నోరు తెరిచే ఎడాన్ని వేళ్లతో కొలిచి నమోదు చేస్తే, తరువాతి మార్పులన్నిటికీ అది కొలప్రమాణం అవుతుంది. చికిత్స ముగిశాక తెరిచిన పుస్తకంలో పోల్చుకోవడానికి పాత పేజీ ఉండదు. భోజనానికి 30 నిమిషాలు దాటడం, నెలలో శరీర బరువులో 5 శాతం లేదా ఆరు నెలల్లో 10 శాతం తగ్గడం, తిన్న తరువాత గొంతు తడిగా మారడం, కారణం తెలియని జ్వరం మళ్లీ మళ్లీ రావడం కనిపిస్తే తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

పుస్తకంలో తిన్నదాన్ని మెత్తగా, పలుచగా అని రాస్తే చాలదు, ఒక ఇంటి పలుచన మరో ఇంటి చిక్కదనం కావచ్చు. ఇడ్సీ అనే అంతర్జాతీయ పద్ధతి ద్రవాలను, ఆహారాన్ని 0 నుంచి 7 వరకు స్థాయిలుగా విభజించింది. ద్రవం చిక్కదనం తెలుసుకోవడానికి మందుల దుకాణంలో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు, దాని మీద 0 నుంచి 10 వరకు గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. కొనను వేలితో మూసి 10 గీత దాకా ద్రవం పోసి, వేలు తీసి 10 సెకన్లు వదిలి మళ్లీ మూస్తే, 1 కంటే తక్కువ మిగిలితే అది నీటివంటి 0 స్థాయి, 1 నుంచి 4 మిగిలితే 1, 4 నుంచి 8 అయితే 2, అంతకు పైన 3, ఒక్క చుక్కా కారకపోతే 4. రాగి జావ వేడిగా ఉన్నప్పుడు ఒక స్థాయిలో ఉండి చల్లారేసరికి మరో స్థాయికి చిక్కబడుతుంది. గంజి దీనికి వ్యతిరేకంగా, ఉమ్మి తగిలిన చెంచాను మళ్లీ మళ్లీ ముంచితే లాలాజలంలోని ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టడం వల్ల గిన్నెలోనే పలుచబడిపోతుంది. కొలవవలసింది వండినప్పుడు కాదు, తాగే వేళకు.

మన వంటిళ్లలో గట్టిగా నిలిచిన ఒక పొరపాటును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జబ్బు మనిషికి చారన్నం అన్నిటికంటే తేలికన్నది తరాల నమ్మకం, జీర్ణం సంగతిలో అది నిజం కావచ్చు. మింగే దృష్టితో చూస్తే చారన్నంలో నీటి వంటి ద్రవం, విడివిడి మెతుకులు ఒకేసారి నోట్లో ఉంటాయి; మెతుకులు నమిలే లోపే చారు గొంతులోకి జారిపోతుంది, గొంతు తలుపు ఇంకా మూసుకోకముందే అది గాలిదారిని తాకుతుంది. పలుచని మజ్జిగన్నం, సగ్గుబియ్యం పాయసం, పాలలో నానని అటుకులు ఇదే కోవలోవి. మెతుకు, తడి విడిపోకుండా ఒకే ముద్దగా కలిసిపోయిన పప్పన్నం, మెదిపిన పెరుగన్నం చాలామందికి వాటి కంటే క్షేమం. ఇడ్లీ మెత్తనిదే అయినా లాలాజలం లేని నోట్లో పిండిముద్దలా అంగిలికి అతుక్కుంటుంది, సాంబారులో పూర్తిగా నాని మెదిగితేనే దిగుతుంది. కందిపొడి, పూతరేకు, పొడిపొడి ఉప్మా పొడినోటికి దాదాపు అసాధ్యాలు. గడ్డం కిందికి దించి మింగడం, తల ఒక పక్కకు తిప్పి మింగడం వంటి చిట్కాలు కొందరికి గాలిదారిని కాపాడతాయి, మరికొందరికి హాని చేస్తాయి, కనుక పక్కింటివారికి పనిచేసిందని వాటిని పాటించకుండా పరీక్షలో తేలిన తరువాతే వాడాలి.

నోటిపూత తీవ్రంగా ఉన్న వారాల్లో ముక్కు గొట్టమో, కడుపులోకి నేరుగా వేసే పెగ్ గొట్టమో అవసరం కావచ్చు, దాన్ని ఓటమిగా చూడనక్కర్లేదు. అయితే గొట్టం వేశాక మింగడం పూర్తిగా మానేస్తే కండరాలు వాడకం లేక పాడవుతాయి. వైద్యులు అనుమతించినంత మేరకు రోజూ కొంచెమైనా నోటితో తీసుకుంటూ, చికిత్సకు ముందే మొదలుపెట్టిన మింగుడు వ్యాయామాలను కొనసాగించినవారు తరువాత మెరుగ్గా తినగలుగుతున్నారని పరిశోధనలు చూపుతున్నాయి.

రోగి ఇచ్చుకునే మార్కులు, పరికరం చూపే ఫలితం తరచు కలవవు. తెర మీద ఎక్కువ భాగం పక్కదారి పడుతున్నా తనకేమీ ఇబ్బంది లేదనేవారు ఉన్నారు, తెర మీద అంతా సవ్యంగా ఉన్నా ముద్ద దిగడం లేదని ఏడ్చేవారూ ఉన్నారు. ఈ రెండింటిలో ఒకదాన్ని తప్పని తీర్పు చెప్పడం అనుభవం లేనివారి పని; మొదటివారికి ప్రమాదం గురించి, రెండోవారికి భయం గురించి చికిత్స కావాలి. ఇంట్లోవారి అంచనా మూడోది, అది సాధారణంగా రోగి అంచనా కంటే నిరాశగా ఉంటుంది, ఎందుకంటే తెలుగింట్లో ప్రేమకు ప్రధానమైన కొలత కంచంలో ఎంత మిగిలిందన్నదే. ఇంకొక్క ముద్ద అని బతిమాలే తల్లికి, భార్యకు ఆ ముద్ద రోగికి ఎన్ని నిమిషాల శ్రమో పుస్తకంలోని రెండో గడి చెబుతుంది. రోగి, కుటుంబం విడివిడిగా మార్కులు వేసి, తేడా ఉన్న చోట మాట్లాడుకోవడం చాలా ఇళ్లలో భోజనాల వేళ గొడవలను తగ్గించగలదు.

జబ్బు నయం కాని దశకు చేరినప్పుడు ఈ పుస్తకం రూపం మారుతుంది. అన్నవాహికలో మిగిలిన సందును లోహపు స్టెంట్‌తో తెరిచి ఉంచడం, నొప్పికి మార్ఫిన్ ఇవ్వడం, నోరు తడిగా ఉంచడం అప్పటి చికిత్స, ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉపశమన వైద్య విభాగంలో, ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పీస్ వంటి చోట్ల జరిగేది ఈ పనే. క్యాలరీలు, నిమిషాలు, పొలమారిన లెక్కలు అక్కడ ఒక్కొక్కటిగా ఖాళీగా మిగిలిపోతాయి, ప్రమాదం తెలిసే రుచి కోసం కొద్దిగా తినడానికి రోగి, వైద్యుడు, కుటుంబం కలిసి ఒప్పుకుంటారు. ఏం తిన్నారన్న గడిలో అప్పుడు రాయవలసింది ఒక చెంచా కాఫీ కావచ్చు, నాలుక మీద అద్దిన ఆవకాయ ఊట కావచ్చు. ఎవరితో తిన్నారన్న గడిని మాత్రం చివరి పేజీ దాకా నింపుతూ ఉండాలి.